గోదావరి డెల్టా మట్టిలో, మంచినీటిలో శిలీంధ్రాల నమోదు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరి చేలు, కొబ్బరి తోటలు, లంకలు, కాలువలు, చెరువులు. వీటి మట్టిలో, నీటిలో ఉండే శిలీంధ్రాలను, అంటే ఫంగస్‌లను సేకరించి, మైక్రోస్కోపు కింద చూసి, రాసి భద్రపరచడం మా పని. మాతో కలిసి పనిచేస్తామంటూ వచ్చే డిగ్రీ విద్యార్థులు, బడి టీచర్లు, రైతులు అడిగే ప్రశ్నలకు మేం చెప్పే జవాబులివి. ఎక్కువమంది అడిగేవి ముందు పెట్టాం. ఆ తర్వాత వరుసంటూ ఏమీ లేదు.

ఫంగస్‌ని లెక్కపెట్టి ఏం చేస్తారండీ?

దమ్ములో తొక్కేసిన వరి మోళ్లు దాళ్వా పైరు ఎదిగేసరికి ఆనవాలు లేకుండా పోతాయి. కాలువలో రాలిన రావి ఆకుకు కొన్ని వారాల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలవు. ఈ పని బాక్టీరియా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. గడ్డిలో, చెక్కలో ఉండే గట్టి పదార్థాన్ని విడగొట్టే శక్తి ఎక్కువగా శిలీంధ్రాలకే ఉంది. ఫంగస్ పట్టి మెత్తబడిన ఆకునే నీటి పురుగులు, నత్తలు ఇష్టంగా తింటాయి, వాటిని చేపలు తింటాయి.

ఇంకో కారణం కూడా ఉంది. డెల్టా శివారు భూముల్లోకి ఉప్పు ఎక్కుతోంది, వరి చేలు చేపల చెరువులవుతున్నాయి. ఈ మార్పుల్లో ఏం పోతోందో చెప్పాలంటే, ముందు ఏముండేదో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

ఫంగస్ అంటే పుట్టగొడుగులే కదా?

కాదు. వానలకు గడ్డిమేటు మీద, పుట్టల దగ్గర కనిపించేవి అందులో చాలా చిన్న భాగం. మిగతావన్నీ దారప్పోగులుగా మట్టిలో, ఆకుల్లో, వేళ్ల లోపల ఉంటాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు లక్షన్నర. ఉన్నవి 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉంటాయని 2017లో ఇద్దరు శాస్త్రవేత్తలు, హాక్స్‌వర్త్, ల్యూకింగ్ అంచనా వేశారు. అంటే పదింటిలో తొమ్మిదికి పైగా ఇంకా పేరు లేనివే.

మన ప్రాంతంలో ఇంతకుముందు ఎవరూ చూడలేదా?

చూశారు, కానీ పంటకు తెగులు తెచ్చేవాటినే ఎక్కువగా చూశారు.

ఇందులో పాత కథ తాటిచెట్లది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాళ్లు మొవ్వు కుళ్లి చచ్చిపోతుంటే, అప్పటి ఇంపీరియల్ మైకాలజిస్టు (ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్త) ఎడ్విన్ జాన్ బట్లర్ ఆ తెగులును పరిశీలించారు. దానికి కారణమైన జీవికి 1907లో పితియం పామివోరం అని పేరు పెట్టారు. 1919లో అదే ఫైటోఫ్తోరా పామివోరా అయింది. ఈ రోజు ఆఫ్రికాలో, ఇండోనేషియాలో కోకో కాయలు నల్లబడి కుళ్లినా, మన దగ్గర కొబ్బరి మొవ్వు కుళ్లినా ఈ పేరు వినబడుతుంది. ప్రపంచమంతా తలపట్టుకునే జీవికి మొదటి పేరు మన తాటిచెట్టు వల్ల వచ్చిందని మన దగ్గరే చాలామందికి తెలియదు. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలు ఫైటోఫ్తోరాను అసలు శిలీంధ్రాల నుంచి తీసేసి ఊమైసీట్లు అనే వేరే వంశంలో పెట్టారు. అది వేరే సంగతి.

ఆ తర్వాత వరి మీద మారుటేరులో, కొబ్బరి మీద అంబాజీపేటలో పరిశోధన కేంద్రాలు తెగుళ్ల పని చేస్తూ వచ్చాయి. మడ అడవుల శిలీంధ్రాలను వి.వి. శర్మ, బి.పి.ఆర్. విట్టల్ గోదావరి, కృష్ణా డెల్టాల్లో శ్రద్ధగా చూశారు. ఉప్పుపొన్న, మడ చెట్ల ఎండు కొమ్మల మీద ఏమేం ఉంటాయో 2000లో ప్రచురించారు. ఖాళీ ఎక్కడుందంటే ఈ రెంటికీ మధ్య. తెగులు లేని మామూలు మట్టి, ఉప్పు తగలని మామూలు కాలువ. ఏ హానీ చేయని ఫంగస్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

శిలీంధ్రాలకు మనవాళ్ల పేర్లు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికన్నా ముచ్చటైనది సుబ్బరోమైసిస్. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గౌరవార్థం 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) ఆ పేరు పెట్టారు. అది దొరికింది మురుగునీటిని శుద్ధి చేసే ఫిల్టరులో, అదీ అమెరికాలో. మన డ్రైన్లలో ఉందేమో చూడాలని మా కుర్రాళ్లకు గట్టి పట్టుదల.

ఎక్కడెక్కడ చూడాలి?

డెల్టా బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అంతా ఒకటే అనుకుంటారు. కానీ అడుగు ఎత్తు తేడా వచ్చినా ఇక్కడ నేల మారిపోతుంది. లంకల్లో కొత్త ఒండ్రు, ఇసుక. పల్లపు చేలల్లో నెలల తరబడి నీళ్లు నిలిచే జిగట మట్టి. మెరకలో కొబ్బరి, అరటి. శివారులో చౌడు. ఇవన్నీ విడివిడిగా చూడాల్సినవి.

నీటి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో మంచినీరు అంటే ప్రధానంగా కాలువలే. పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె, చివర మురుగు డ్రైను. పైగా ఈ నీరు ఏడాది పొడుగునా ఉండదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. నెలన్నర, రెండు నెలలు అడుగు బీటలు వారుతుంది, మళ్లీ జూన్‌లో నీరు వదులుతారు. నీట మునగడం, ఎండిపోవడం రెండూ తట్టుకునే ఫంగసే అక్కడ నిలుస్తుంది. కొండ వాగుల గురించి రాసిన లెక్కలు తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు.

వీటితో పాటు గుర్రపుడెక్క కుళ్లే మూలలు, రేవు మెట్ల సందులు, కొబ్బరి డొక్కలు నానే గుంటలు, తాటిదుంగ వంతెనల అడుగు భాగం. డొక్కల గుంట కంపు భరించగలిగితే చాలు, అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఏ నెలలో రావాలి?

మట్టికైతే సార్వా ఊడ్పులకు ముందు ఒకసారి, పైరు మధ్యలో ఒకసారి, కోత తర్వాత మినుము, పెసర వేశాక ఒకసారి. నీటికైతే కాలువ వదిలిన మొదటి రెండు వారాలు, మళ్లీ వానలు తగ్గి నీరు తేటపడే నవంబరు, డిసెంబరు. గోదావరికి వరద వచ్చినప్పుడు మాత్రం రావద్దు. ఏ ఫంగస్ కోసమూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.

మట్టి ఎలా తీయాలి?

తాపీ గాని, చిన్న పార గాని శుభ్రంగా కడిగి, స్పిరిట్‌తో తుడవండి. పైనున్న ఆకులు, గడ్డి పక్కకు తప్పించండి. వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒక పలక చెక్కండి. ఒకే చేలో కనీసం అయిదు చోట్ల ఇలా తీసి, శుభ్రమైన పాలిథిన్ షీటు మీద కలిపి, అందులోంచి పావు కిలో సంచిలో వేయండి. గట్టు పక్కన, పెంట కుప్ప పక్కన, పంపు షెడ్డు పక్కన తీయకండి. చోటు మారిన ప్రతిసారీ పనిముట్టు మళ్లీ తుడవాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

నీళ్లు నిలిచిన వరి చేలో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఆక్సిజన్ అందేది పైనున్న కొన్ని మిల్లీమీటర్ల బురదకే. దాని కింద నల్లగా, కుళ్లు కంపుతో ఉండేదంతా గాలి ఆడని పొర. శిలీంధ్రాల్లో ఎక్కువ వాటికి గాలి కావాలి. అందుకే పై పొరను చెంచాతో వేరుగా, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని వేరుగా తీస్తాం. ఒక వరి దుబ్బును వేళ్లతో సహా పీకి నీళ్లలో జాడించి చూడండి. వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది. వరి వేరు తన లోపలి గొట్టాల ద్వారా ఆక్సిజన్‌ను కిందికి దించి కొంత బయటికి వదులుతుంది, దానికి మట్టిలోని ఇనుము తుప్పు పడుతుంది. చుట్టూ గాలి లేని బురదలో ఆ ఎర్రటి పూత ఉన్నంత మేర ఫంగస్‌కు ఊపిరి ఆడుతుందన్నమాట. మాకు వరి చేలో మంచి శాంపిల్ అంటే ఆ వేళ్లే.

కొబ్బరి తోటలో పాదు లోపల ఒకటి, రెండు చెట్ల మధ్య ఒకటి తీసి, రెండూ కలపకుండా ఉంచండి. ఎరువు పడే చోటు, పడని చోటు ఒకటి కావు.

సంచిని ఎండలో, కారు డిక్కీలో పెట్టవద్దు. చల్లగా ఉంచి రెండు రోజుల్లోపు అందించండి.

లేబుల్ మీద ఏం రాయాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి ఒక నమూనా చూపిస్తాం.

నంబరు: ఎల్ 7 బి
తేదీ, సమయం: జూన్ 12, ఉదయం 7:30, సంవత్సరంతో సహా
చోటు: లొల్ల లాకుల దిగువ, కుడి గట్టు, ఆత్రేయపురం మండలం, ఫోన్‌లో చూసిన జీపీఎస్ అంకెలు
ఏమిటి: మునిగి ఉన్న రావి ఆకులు, నల్లబడినవి, అయిదు
నీరు: పారుతోంది, బురద రంగు, కాలువ వదిలి వారం
చుట్టూ: గట్టు మీద రావి, తుమ్మ; బట్టలుతికే రేవు పది గజాల ఎగువన
తీసినవారు: పేరు

బట్టలుతికే రేవు ఎందుకని అడుగుతారు. సబ్బు నీరు కలిసే చోట దొరికినదానికీ, కలవని చోట దొరికినదానికీ తేడా రావచ్చు. పొలమైతే నిరుడు ఏ పంట, ఈమధ్య ఏ మందు కొట్టారు అని రైతును అడిగి రాయండి. అంతర్వేది వైపు వెళ్తే ఆటు సమయమా, పోటు సమయమా కూడా కావాలి. పైకి మంచినీరులా కనిపించే చోట కూడా పోటుకు ఉప్పు ఎక్కుతుంది.

పెన్సిల్‌తోనే రాయండి. బాల్ పెన్ను సిరా తడికి పాకుతుంది. ఒక చీటీ సంచి లోపల, ఒకటి బయట.

ఫంగస్ పేరు తప్పు పడితే పదేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు దిద్దుతారు. ఏ ఊరి మట్టో, ఏ రోజు తీశారో తెలియని శాంపిల్‌ను ఎవరూ బాగుచేయలేరు. మాకు వచ్చే వాటిలో మేం పక్కన పెట్టేసేవి ఎక్కువగా ఇలాంటివే.

నీటిలో ఫంగస్‌ను ఎలా పట్టుకుంటారు?

బాటిల్‌లో నీళ్లు ముంచుకొస్తే పెద్దగా లాభం లేదు. నీటి ఫంగస్ నీటిలో కాదు, నీటిలో పడ్డ ఆకు మీద, పుల్ల మీద ఉంటుంది. మూడు నాలుగు దారులున్నాయి.

మొదటిది నురుగు. 1942లో ఇంగ్లండులో ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వాగులో కుళ్లే ఆల్డర్ ఆకుల మీద వింత ఫంగస్‌లను వర్ణించారు. వాటి స్పోర్లకు (విత్తనాల్లా పనిచేసే సన్నటి కణాలకు) నాలుగు చేతులుంటాయి, లేకపోతే పొడుగ్గా వంకర తిరిగి ఉంటాయి. ఆ ఆకారం వల్ల నీటి బుడగలకు చిక్కుకుని నురుగులో పోగుపడతాయి. లాకుల కింద, తూముల దగ్గర గట్టుకు చేరిన గోధుమ రంగు నురుగును చెంచాతో సీసాలోకి తీయండి. అది నీరుగా మారాక మేం దాన్ని వెంటనే స్థిరీకరిస్తాం, అంటే మందు కలిపి స్పోర్లను ఉన్నవి ఉన్నట్టు నిలుపుతాం. లేకపోతే కొన్ని గంటల్లోనే స్పోర్లు మొలకెత్తి ఆకారం పోతుంది. ఒక మాట: ఈ గుంపు చల్లటి, వేగంగా పారే నీటిని ఇష్టపడుతుంది. మారేడుమిల్లి వాగుల్లో దొరికినన్ని డెల్టా కాలువల్లో దొరకాలని ఆశించవద్దు. డ్రైన్ల మీది తెల్లటి నురుగు సబ్బుది, రసాయనాలది. దాన్ని ముట్టుకోకండి.

రెండోది ఆకులు. కుళ్లుతున్న ఆకులను కడిగి, ముక్కలు కోసి, మరిగించి చల్లార్చిన కాలువ నీటిలో వేసి, చేపల తొట్టెకు వాడే చిన్న ఎయిర్ పంపుతో ఒకటి రెండు రోజులు బుడగలు కొట్టించాలి. స్పోర్లు నీటిలోకి రాలతాయి. ఆ నీటిని సన్నటి ఫిల్టరులో వడకట్టి, కాటన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తాం.

మూడోది డెల్టాకు బాగా సరిపోయేది. పారని చెరువు అడుగున గాలి ఆడని బురదలో పడి ఉన్న ఆకులను తెచ్చి, కడిగి, తడి కాగితం పరిచిన డబ్బాలో పెట్టి వదిలేయండి. నీటి అడుగున ఉన్నన్నాళ్లూ స్పోర్లు పుట్టని కొన్ని ఫంగస్‌లు గాలి తగలగానే స్పోర్లు పెడతాయి. వాటి స్పోర్లు స్ప్రింగుల్లా చుట్టుకుని గాని, బోలు గుండ్లలా గాని ఉండి లోపల గాలిని పట్టుకుంటాయి. అందుకే మళ్లీ నీరు వస్తే తేలుకుంటూ ఇంకో ఆకును చేరతాయి. చెరువులు ఎండి నిండే నేలకు ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు. మొదటిసారి చూసే విద్యార్థులు వీటిని మైక్రోస్కోపు వదలకుండా చూస్తారు.

చివరిది ఎర. ఉడికించి చీల్చిన నువ్వు గింజ, పాము కుబుసం ముక్క, వెంట్రుక, పుప్పొడి. వీటిని చెరువు నీరున్న గిన్నెలో వేస్తే ఒక్కోదానికి ఒక్కోటి పడుతుంది. నువ్వుల చుట్టూ రెండు మూడు రోజుల్లో తెల్లటి నూగు వచ్చిందంటే ఎక్కువగా అది సాప్రోలెగ్నియానో, ఆక్లియానో అవుతుంది. ఇవి కూడా ఊమైసీట్లే కాబట్టి విడిగా రాస్తాం. కుబుసం, వెంట్రుకల మీదికి కైట్రిడ్లు రావచ్చు. ఈదే స్పోర్లున్న అసలు శిలీంధ్రాలివి.

ఇంట్లో చేసి చూడొచ్చా?

తడి డబ్బా పద్ధతి చేయొచ్చు. మూత ఉన్న పారదర్శక డబ్బా, తడి టిష్యూ, కాలువలో దొరికిన పుల్ల. వారాల తరబడి ఓపిక పట్టి, రోజూ మూత మీది నుంచే లెన్సుతో చూడండి. ఒక్కో పుల్ల మీద ఫంగస్ స్పోర్లు పెట్టడానికి నెలలు పడుతుంది. అగార్ ప్లేట్లు (ఫంగస్‌ను పెంచే జెల్లీ పోసిన పళ్లేలు) మాత్రం ఇంట్లో వద్దు. మట్టి నుంచి ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ లాంటివి తేలిగ్గా పెరుగుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు ప్రమాదం. పిల్లలతో చేయించే టీచర్లు ప్లేటు మూతకు టేపు వేసి, పని అయ్యాక ల్యాబ్‌లో ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపడం) చేయించాలి.

పొలంలో దిగేటప్పుడు కాళ్ల మీద పుండ్లుంటే గమ్‌బూట్లు వేసుకోండి. ఫంగస్ వల్ల కాదు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం వల్ల.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

మట్టిని నీటిలో పలుచన చేసి రోజ్ బెంగాల్ వేసిన అగార్ మీద పోస్తాం. ఆ రంగు వేగంగా పాకేవాటిని అదుపులో పెడుతుంది, యాంటీబయాటిక్ బాక్టీరియాను ఆపుతుంది. 25 నుంచి 28 డిగ్రీల దగ్గర మూడు రోజుల నుంచి వారం దాకా ఉంచుతాం. ఒక్కో కాలనీని విడదీసి పెంచుతాం.

ఇలా చేస్తే డెల్టాలో ఏ చేను మట్టైనా పెన్సిలియం, ఆస్పర్జిల్లస్, ట్రైకోడెర్మా, ఫ్యుసేరియం ఇస్తుంది. అందుకని అవే అక్కడ ఎక్కువని కాదు. స్పోర్లు ఎక్కువ పెట్టేవి, అగార్ మీద తొందరగా పెరిగేవి కనిపిస్తున్నాయంతే. పెళ్లి భోజనానికి వచ్చినవాళ్లను చూసి ఊరి జనాభా రాసినట్టుంటుంది. అందుకే 1950లో వార్కప్ చెప్పినట్టు మట్టి రేణువులను నేరుగా ప్లేటులో పరిచి కూడా చూస్తాం. వేళ్ల ముక్కలను పదేపదే కడిగి విడిగా పెడతాం.

వేళ్లలోనే ఉండి అగార్ మీద అసలు పెరగని గుంపు ఒకటుంది, మైకోరైజా. మట్టి నుంచి భాస్వరం తెచ్చి మొక్కకిచ్చి, బదులుగా చక్కెర తీసుకునేవి. వీటి స్పోర్లను 1963లో గెర్డెమన్, నికల్సన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో తడి జల్లెళ్ల మీద వడకడతాం. మన డెల్టాలో కొబ్బరి, మొక్కజొన్న, మినుము వేళ్లలో ఇవి బాగా దొరుకుతాయి. నీరు నిలిచిన వరిలో తగ్గుతాయి గాని పూర్తిగా పోవు. చేలో నీరు తీసేసి మినుము చల్లాక ఏమవుతుందో ప్రతి ఏటా చూడాల్సిన విషయం.

పేరు ఎలా తేలుస్తారు?

ముందు కంటితో. స్పోరు ఆకారం, కొలత, రంగు, అది ఎలా పుడుతోంది. తర్వాత డీఎన్ఏ. శిలీంధ్రాలకు ఐటీఎస్ అనే భాగాన్ని 2012లో బార్‌కోడ్‌గా ఒప్పుకున్నారు. అది సాధారణంగా 500 నుంచి 700 అక్షరాల పొడవుంటుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. డేటాబేస్‌లో పెట్టి, అక్కడ దానికి దగ్గరగా పైన వచ్చిన పేరు రాసేసి, పని అయిపోయిందంటారు. ఆ పైన ఉన్న సీక్వెన్స్‌కు (డీఎన్ఏ అక్షరాల వరుసకు) పేరు పెట్టినవాళ్లు కూడా అలాగే పెట్టి ఉంటే? పైగా ట్రైకోడెర్మా, ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్‌లలో దగ్గరి జాతులను ఐటీఎస్ ఒక్కటే విడదీయలేదు, ఇంకో ఒకటి రెండు జన్యువులు చూడాలి. తేలకపోతే ప్రజాతి పేరు రాసి వదిలేస్తాం. థీసిస్‌లో జాతి పేరు లేకపోతే మార్కులు తగ్గుతాయని పిల్లలకు టెన్షన్. గైడ్లు ఈ విషయంలో కాస్త పెద్ద మనసు చేసుకోవాలి.

మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీస్తే అన్నీ ఒకేసారి వస్తాయట కదా, ఇంత కష్టం ఎందుకు?

వస్తాయి, అగార్ మీద పెరగనివి కూడా వస్తాయి. డబ్బులుంటే తప్పక చేయాలి. కానీ చచ్చిపోయినదాని డీఎన్ఏ కూడా అందులో ఉంటుంది. ఎగువ నుంచి వరదకు కొట్టుకొచ్చినదీ ఉంటుంది. వచ్చిన సీక్వెన్సులలో పెద్ద భాగానికి పేరుండదు, ఎందుకంటే డేటాబేస్‌లో మన ప్రాంతం ఫంగస్‌లు లేవు. వాటిని అక్కడ చేర్చాలంటే ఎవరో ఒకరు పట్టుకుని, పెంచి, చూసి, పేరు తేల్చాలి. రెండు పనులూ ఒకదానికొకటి కావాలి.

కొత్త జాతి దొరికితే నా పేరు పెడతారా?

మీరే వర్ణిస్తే మీ పేరు మీరే పెట్టుకోవడం మర్యాద కాదు. వేరేవాళ్లు పెడితే సంతోషం. నియమాలు మాత్రం గట్టివి. 2013 నుంచి కొత్త శిలీంధ్ర పేరును మైకోబ్యాంక్ లాంటి గుర్తింపు పొందిన చోట నమోదు చేసి నంబరు తీసుకోవాలి. మూల నమూనాను హెర్బేరియంలో (ఎండు నమూనాలు దాచే చోట) భద్రపరచాలి. అది బతికున్న కల్చర్ (ల్యాబులో పెంచుతున్న ఫంగస్) కాకూడదు, ఎండబెట్టినదో, జీవక్రియ ఆపి నిలవ ఉంచినదో అయ్యుండాలి. డీఎన్ఏ సీక్వెన్స్ ఒక్కటే చూపిస్తే చెల్లదు.

చెరువు మీద పచ్చగా తేలేది ఫంగసేనా?

కాదు, నాచు.

రొయ్యల చెరువులో తెగులు తెచ్చే ఈహెచ్‌పీ కూడా ఫంగసే అంటున్నారు, నిజమా?

దాదాపు నిజం. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే గుంపులోది. ఈ గుంపును ఒకప్పుడు ఏకకణ పరాన్నజీవులన్నారు, ఇప్పుడు శిలీంధ్రాల్లోనో, వాటికి అతి దగ్గరి చుట్టాల్లోనో కలుపుతున్నారు. 2009లో థాయిలాండ్ టైగర్ రొయ్య నుంచి వర్ణించారు. రొయ్య కణం లోపల తప్ప బతకదు కాబట్టి ప్లేటు మీద పెంచలేం, పీసీఆర్ పరీక్షే దారి. ఆ పరీక్ష మేం చేయం, ఆక్వా ల్యాబుల్లో చేయించుకోండి. కొర్రమేను ఒంటి మీద పుండ్లు తెచ్చే అఫనోమైసిస్ ఇన్వడాన్స్ మాత్రం ఊమైసీటు. చనిపోతున్న చేపను పంపవద్దు, చోటూ తేదీ రాసి సమాచారం ఇవ్వండి చాలు.

మా వరికి పాముపొడ వచ్చింది, కొబ్బరికి గానోడెర్మా వచ్చింది. మందు చెబుతారా?

చెప్పం. రైతు సేవా కేంద్రంలోనో, వరికి మారుటేరులోనో, కొబ్బరికి అంబాజీపేటలోనో అడగండి. కానీ గానోడెర్మా పట్టిన చెట్టు మొదట్లో గట్టి గోధుమ రంగు పుట్టగొడుగు లేచి ఉంటే ఫోటో తీసి, చెట్టు వయసు, పక్క చెట్ల పరిస్థితి రాసి మాకూ పంపండి. మన డెల్టాలో ఒకే పేరుతో పిలుస్తున్న గానోడెర్మాలు నిజంగా ఒకటేనా అన్నది చూడదగ్గ ప్రశ్న.

వానకు లేచిన పుట్టగొడుగు ఫోటో పంపితే తినొచ్చో లేదో చెబుతారా?

చెప్పం. ఎవరు చెప్పినా ఫోటో చూసి మాత్రం తినకండి.

అనుమతులు కావాలా?

సొంత పొలమైతే అక్కర్లేదు. వేరేవాళ్ల పొలంలో ముందు అడిగి దిగండి. తాపీ, టేపు, జీపీఎస్ పట్టుకుని గట్టు మీద నిలబడితే భూసర్వే వాళ్లనుకుని ఊరు ఊరంతా వచ్చేస్తుంది. తోట యజమానికి మైక్రోస్కోపులో తీసిన ఫోటో తర్వాత పంపండి. మళ్లీ వెళ్తే కొబ్బరి బోండాం ఇచ్చి మరీ చూపిస్తారు.

కోరింగ 1978 నుంచి అభయారణ్యం కాబట్టి అక్కడ అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పుల్ల కూడా తీయరాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు, విదేశీ సంస్థలు మన జీవ వనరులు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. కల్చర్‌ను బయటి దేశంలోని స్నేహితుడికి కొరియర్‌లో పంపేద్దామని సరదాకి కూడా అనుకోవద్దు.

కల్చర్లు ఎక్కడ దాస్తారు?

మా దగ్గర స్లాంట్ల మీద (అగార్ ఏటవాలుగా పోసిన గొట్టాల్లో), శుద్ధ నీటి సీసాల్లో. కానీ కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే వేసవిలో ఎన్నేళ్ల పనైనా రెండు రోజుల్లో పాడవుతుంది. అందుకే ముఖ్యమైనవాటిని పుణెలో అఘార్కర్ పరిశోధన సంస్థలో ఉన్న జాతీయ శిలీంధ్ర కల్చర్ నిల్వ కేంద్రం, ఢిల్లీలో ఐటీసీసీ, చండీగఢ్‌లో ఎంటీసీసీ అనే కల్చర్ నిల్వ కేంద్రాల లాంటి చోట్ల పెట్టాలి. వాళ్లిచ్చే నంబరును పేపర్లో రాస్తేనే వేరేవాళ్లు దాన్ని అడిగి తెప్పించుకుని మీ మాట నిజమో కాదో చూడగలరు.

ఇంతకీ డెల్టాలో ఎన్ని రకాలున్నాయి?

ఒక అంకె చెప్పమని పత్రికలవాళ్లు కూడా అడుగుతారు. ఎన్ని చోట్ల, ఏ నెలల్లో, ఏ పద్ధతిలో వెతికారో చెప్పకుండా ఇచ్చే అంకెకు విలువ లేదు. శాంపిళ్లు పెరిగేకొద్దీ కొత్తవి రావడం తగ్గిందా లేదా అని గీత గీసి చూస్తాం. ఆ గీత ఇంకా పైకి పోతూనే ఉంటే లెక్క ముగియనట్టే.

శాంపిల్ పోస్టులో పంపొచ్చా?

మట్టి, ఎండిన పుల్ల పంపొచ్చు. మట్టిని నీడలో ఒక పూట ఆరనిచ్చి, కాగితం సంచిలో పెట్టి, పైన పాలిథిన్ కవరు వేసి, సోమవారం నాడు పోస్టు చేయండి. శుక్రవారం వేస్తే ఆదివారం ఎక్కడో ఎండలో ఉంటుంది. తడి ఆకులు, నురుగు పంపవద్దు, మీరే తీసుకురండి లేదా మమ్మల్ని పిలవండి. లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ ఉందో లేదో అంటించే ముందు ఒకసారి చూసుకోండి.